ఫలకం మీద లేని పంక్తి

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే దారిలో ఒక ఊరి బస్సు షెల్టరు. గోడకు నల్లరాతి ఫలకం. దాని మీద ఎంపీ పేరు బంగారు రంగులో, అరచేతి మందం అక్షరాల్లో. ఖర్చెంతో చదవాలంటే మాత్రం కళ్లజోడు సర్దుకోవాలి. పైరేకు ఎగిరిపోయి రెండు వానాకాలాలైంది. మొన్న జల్లు పడితే నేనూ, కూరగాయల గంపలతో ఉన్న ఇద్దరాడవాళ్లూ ఆ ఫలకం పక్కనే తడిశాం.

‘‘పంచాయతీ వాళ్లనడిగితే, ఎంపీ గారి షెల్టరమ్మా, మాకేం సంబంధం అన్నారండీ’’ అందొకామె.

ఎంపీ గారిదెలా అవుతుంది? 1993 డిసెంబరులో పి.వి. నరసింహారావు హయాంలో వచ్చిన ఎంపీ ల్యాడ్స్ (ఎంపీల స్థానిక ప్రాంతాభివృద్ధి పథకం) సొమ్మది. తొలి ఏడాది ఎంపీకి 5 లక్షలు, 2011-12లో అది ఏటా 5 కోట్లకు పెరిగింది. ఎంపీ సిఫారసు చేస్తారు, జిల్లా యంత్రాంగం మంజూరు చేస్తుంది. డబ్బు మనది.

5 కోట్లు వినడానికి ఘనమే. బాపట్ల లోక్‌సభ స్థానం కింద రేపల్లె, బాపట్లతో కలిపి 7 అసెంబ్లీ సెగ్మెంట్లు. సమంగా పంచితే తలా 71 లక్షలు. తెనాలి ఉన్న గుంటూరు స్థానానికీ అదే లెక్క. డెల్టా మురుగు కాలవల పూడికకు ఇదేం చాలుతుంది? అందుకే ఇక్కడో షెల్టరు, అక్కడో సామాజిక భవనం, ఇంకోచోట బోరు. పెళ్లి పందిట్లో పప్పు సరిపోనప్పుడు వడ్డించినట్టు, విస్తరికో గరిటె.

పథకాన్నే ఎత్తేయమంది రెండో పరిపాలనా సంస్కరణల సంఘం. రాజ్యాంగానికి విరుద్ధం కాదని 2010లో సుప్రీంకోర్టు తేల్చింది. నేనైతే ఎత్తేయమనను. ఖజానా ఖాళీగా ఉన్న పంచాయతీకి ఒక్క బోరు పడినా మేలే.

నా గొడవల్లా ఫలకంతోనే. పని మంజూరుకు ముందే, దాన్ని వాడుకునే సంస్థ నిర్వహణకు హామీ ఇవ్వాలని నిబంధన. ఆ కాగితం ఫైల్లో పడుంటుంది. సిఫారసు చేసినవారి పేరేమో రాతికెక్కుతుంది!

చివర ఇంకొక్క పంక్తి చెక్కించండి: ‘మరమ్మతు బాధ్యత ఫలానా వారిది’ అని. రేకు ఎగిరిన మర్నాడు ఎవరి గుమ్మంలో గంప దించి కూర్చోవాలో ఆ తల్లికి తెలుస్తుంది.

— డెల్టావాసి