గిటార్ తలకో చిన్న క్లిప్పు

ఆదివారం పొద్దున్నే నరసరావుపేట నుంచి మాచర్ల దాకా బస్సులో వెళ్తుంటే దారిలో చాలా ఊళ్లలో చర్చి పాట వినిపిస్తుంది. పాట వెనక కీబోర్డు, డ్రమ్స్... వాటితోపాటు ఓ గిటార్. అది వాయించేది ఏ ఇంటర్ చదివే కుర్రాడో, తొమ్మిదో తరగతి పాపో అయి ఉంటుంది. అమ్మానాన్నలు నాలుగు డబ్బులు కూడబెట్టి కొనిచ్చిన గిటార్ అది.

తీరా పాట మొదలయ్యాక కీబోర్డుది ఓ దారి, గిటార్‌ది ఓ దారి! వేళ్లు పడాల్సిన చోటే పడుతున్నాయి. తాళం తప్పడం లేదు. అయినా వినేవాళ్ల మొహాలు అదోలా మారిపోతాయి. 'మనవాడికి సంగీతం అబ్బదులే' అని ఇంట్లోవాళ్లూ, 'నాకు చెవి లేదు' అని వాడూ తీర్మానించేసుకుంటారు. మూడో నెలకల్లా గిటార్ బీరువా మీదికెక్కుతుంది. చాలాసార్లు తప్పు పిల్లాడిది కాదు, తీగలది. అవి శ్రుతిలో లేవంతే!

వీణ విద్వాంసులు కచేరీకి ముందు బిరడాలు తిప్పుతూ చెవితోనే శ్రుతి సరిచేసుకుంటారు. ఆ చెవి తయారవడానికి ఏళ్లు పడుతుంది. మొన్నే గిటార్ పట్టిన పిల్లల దగ్గర ఆ విద్య ఎక్కడిది? వాళ్ల కోసమే ఈ క్లిప్-ఆన్ ట్యూనర్. బట్టలకు పెట్టే క్లిప్పు కన్నా కాస్త పెద్దది. గిటార్ పైభాగాన, తీగలు బిగించే మరలుండే చోట తగిలిస్తారు. తీగ మీటితే తెర మీద స్వరం పేరు కనిపిస్తుంది. ముల్లు మధ్యకు ఎడమన ఉంటే తీగ వదులు, కుడికి పోతే బిగువు. సరిగ్గా మధ్యలో ఆగి పచ్చదీపం వెలిగితే శ్రుతి కుదిరినట్లే.

ఇందులో కిటుకేమిటంటే, ఈ క్లిప్పు గాల్లో వచ్చే శబ్దాన్ని వినదు. తీగ కదిలితే కొయ్య అదురుతుంది కదా, ఆ అదురును లోపలి పీజో బిళ్ల పట్టుకుంటుంది. అందుకే పక్కన ఎంత గోల ఉన్నా దానికి పట్టదు. శివరాత్రి నాడు కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభల పక్కన నిలబడి, మైకులు హోరెత్తుతున్నా గిటార్ శ్రుతి చేసుకోవచ్చన్నమాట! స్పీకరు పెట్టెను ఆనుకుని నిలబడితే మాత్రం ఆ అదురు కొయ్యకూ పాకుతుంది. నాలుగడుగులు పక్కకు జరగాలి.

శ్రుతి చూపించే సాధనాలు కొత్తవేం కాదు. 1711లో ఇంగ్లండులో జాన్ షోర్ అనే బాకా విద్వాంసుడు ఉక్కుతో శ్రుతిదండం చేశాడు. జపాన్ కంపెనీ కోర్గ్ 1975లో చేత్తో పట్టుకునే ముల్లు ట్యూనర్ తెచ్చింది. తర్వాత్తర్వాత అదే చిక్కి చిక్కి క్లిప్పంత అయింది.

అసలు కొనాలా? సెల్‌ఫోన్లో ఉచితంగా దొరికే ట్యూనర్ యాప్ చాలదా? ఇంట్లో, తలుపులేసుకుని నేర్చుకునేవాళ్లకు చాలు. ఆ మాట కొట్టువాళ్లు చెప్పరు! కానీ ఫోను మైకుతో వింటుంది. క్లాసులో పదిమంది ఒకేసారి తీగలు మీటుతున్నప్పుడు, చర్చిలో కీబోర్డు మోగుతున్నప్పుడు అది ఎవరి స్వరం చూపిస్తోందో తెలీదు. బయట వాయించే అవసరం వచ్చిందంటే క్లిప్పు కొనాల్సిందే.

ధరలు నాలుగైదు వందల నుంచి నాలుగైదు వేల దాకా ఉన్నాయి. ఎందుకంత తేడా? పెట్టె మీద 'సెంటు' అన్న లెక్క కనిపిస్తుంది. పక్కపక్కనున్న రెండు మెట్ల మధ్య దూరాన్ని వంద భాగాలు చేస్తే ఒక భాగం ఒక సెంటు. నాలుగైదు సెంట్ల లోపు తేడాను మామూలు చెవి పసిగట్టడం కష్టం. చవకరకాలు కూడా ఒక సెంటు అటూఇటూగా చూపిస్తామంటాయి. సెంటులో యాభయ్యో వంతు కూడా చూపించే ఖరీదైనవి గిటార్లు బాగుచేసేవాళ్లకు పనికొస్తాయి గానీ పిల్లలకెందుకు? స్నార్క్, కోర్గ్, డి'అడారియో లాంటి పేరున్న కంపెనీల మామూలు రకం చాలు. మరీ చవకవాటితో వచ్చే చిక్కు లెక్కతో కాదు, క్లిప్పుతో. స్ప్రింగు పట్టు వదులైపోతుంది, తల తిరిగే కీలు విరిగిపోతుంది. ఆరో తీగ మీటినప్పుడు తెర మీది ముల్లు కుదురుగా నిలుస్తోందో, జారిపోతోందో కొట్లోనే చూడాలి. తెరను ఓసారి వాకిట్లోకి తెచ్చి కూడా చూడాలి. గదిలో ధగధగలాడే దీపాలు మన ఎండలో కనిపించకపోవచ్చు.

'క్రొమాటిక్' అని ఉన్నది తీసుకుంటే పన్నెండు స్వరస్థానాలూ చూపిస్తుంది. వయొలిన్‌కీ, మాండలిన్‌కీ వాడుకోవచ్చు. ఇంట్లో వీణ ఉంటే సా, పా వరకు సరే. ఈ యంత్రాలు స్థాయిని పన్నెండు సమభాగాలు చేసి కొలుస్తాయి. మన అంతర గాంధారం ఆ లెక్క కన్నా 14 సెంట్లు కిందుంటుంది. అక్కడ గురువుగారి చెవే ప్రమాణం!

చాలామంది బోర్లాపడేది ఇంకోచోట. ప్రపంచమంతటా 'ఏ' స్వరానికి సెకనుకు 440 కంపనాలని లెక్క. 1939లో లండన్ సమావేశంలో అనుకున్న మాట ఇది. కీబోర్డులు మామూలుగా దాని ప్రకారమే వస్తాయి. ట్యూనర్లలో ఈ అంకెను మార్చే మీట ఒకటుంటుంది. ఇంట్లో చిన్నపిల్లలు నొక్కేసి అది 445 అయిందనుకోండి... ఆరు తీగలకూ పచ్చదీపం వెలుగుతుంది. గిటార్ ఒక్కటే వాయిస్తే బాగానే ఉంటుంది. కీబోర్డుతో కలిసేసరికి గోల! పచ్చదీపాన్ని నమ్మేముందు తెర మూలనున్న 440 చూసుకోవాలి.

ఇంకో సంగతి. గిటార్‌లో ఆరో తీగదీ, ఒకటో తీగదీ 'ఈ' స్వరమే. లావు తీగ సెకనుకు 82 సార్లు, సన్న తీగ దానికి నాలుగు రెట్లు, 330 సార్లు కదులుతాయి. చాలా ట్యూనర్లు స్వరం పేరు చెబుతాయి తప్ప ఏ స్థాయిదో చెప్పవు. కొత్తవాళ్లు దీపం కోసం తిప్పుతూనే పోతే తీగ ఠప్పున తెగుతుంది. శ్రుతి దాటిపోతే కొంచెం వదులు చేసి, మళ్లీ కింద నుంచి పైకి బిగిస్తూ రావాలి. అప్పుడే నిలుస్తుంది.

నిలవడం అన్నాక రెంటచింతల గుర్తురాకుండా ఉంటుందా! వేసవి వచ్చిందంటే ఎండల వార్తల్లో ఆ ఊరి పేరు ఉండాల్సిందే. వేడికి ఉక్కు తీగ సాగుతుంది, శ్రుతి దిగిపోతుంది. చల్లటి ఏసీ హాల్లోకి వెళ్తే పైకెక్కుతుంది. ఇంట్లో చేసిన శ్రుతి కార్యక్రమం దాకా ఉంటుందనుకోవద్దు. అక్కడికెళ్లి, పావుగంట గిటార్‌ను ఆ గాలికి అలవాటు పడనిచ్చి అప్పుడు ట్యూనర్ పెట్టాలి. ఇక మిట్టమధ్యాహ్నం అద్దాలు బిగించిన కారులో గిటార్‌ని వదిలేస్తే శ్రుతి సంగతి తర్వాత, కొయ్యను అతికించిన జిగురే మెత్తబడుతుంది.

చంటిపిల్లలున్న ఇళ్లలో అన్నిటికన్నా ముందు చూడాల్సింది బ్యాటరీ అర. చాలా ట్యూనర్లలో సీఆర్2032 అనే గుండ్రటి బిళ్ల ఉంటుంది. 20 మిల్లీమీటర్ల వెడల్పు. పిల్లలు మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాలిన గాయాలు చేయగలదు. పాతబడి ట్యూనర్‌కి పనికిరాని బిళ్లకు కూడా ఆ శక్తి ఉంటుంది. అమెరికాలో ఇందుకోసం 2022లో ప్రత్యేకంగా చట్టమే చేశారు. చిన్న స్క్రూతో బిగించే మూత ఉన్నదే కొనాలి, లేదా ఛార్జింగ్ పెట్టుకునే రకం తీసుకోవాలి. మింగినట్టు అనుమానం వచ్చినా వాంతి చేయించే ప్రయత్నం చేయొద్దు. అదే పోతుందిలే అని చూస్తూ కూర్చోవద్దు. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లి ఎక్స్‌రే తీయించాలి.

ఇంకా గిటార్ కొననివాళ్లయితే ముందు ట్యూనరే కొనుక్కుని గుంటూరో, విజయవాడో బయల్దేరవచ్చు. కొట్లో గిటార్‌కి దాన్ని తగిలించి ఒక్కో తీగనూ ఊరికే మీటి శ్రుతి చేయాలి. తర్వాత అదే తీగను పన్నెండో మెట్టు దగ్గర నొక్కి మీటాలి. రెండుసార్లూ ముల్లు మధ్యలోనే ఆగాలి. నొక్కినప్పుడు బాగా పక్కకు పోయిందంటే మెట్లలోనో, వంతెనలోనో తేడా ఉన్నట్టు. రంగు ఎంత మెరుస్తున్నా ఆ గిటార్ పక్కన పెట్టేసి ఇంకోటి చూపించమనాలి.