డిస్కు ఉన్నవాడిదే కథ
యానిమే అభిమానుల అభిరుచులు ఎన్ని రకాలైనా ఇబ్బంది లేదు. చూసినదాన్ని దాచుకునే దారి లేకపోవడమే అసలు సమస్య

కోల్‌కతాకు హుగ్లీ అవతలి ఒడ్డున, హౌరా స్టేషన్‌లో ఖరగ్‌పూర్ వైపు వెళ్ళే లోకల్ ఎక్కితే మొదట వచ్చే స్టేషన్ టికియాపారా. పట్టాల పక్కన రైల్వే కార్‌షెడ్డు, ఆవల ఇరుకు సందులు, చిన్నచిన్న కార్ఖానాలు. ఇదే లైను ఖరగ్‌పూర్ చేరేసరికి ప్లాట్‌ఫారం మీద తెలుగు వినిపిస్తుంది. రైల్వే ఉద్యోగాల కోసం వచ్చి ఈ దారిలో స్థిరపడిన తెలుగు కుటుంబాల ఉనికిని గుర్తించి పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా కూడా ఇచ్చింది. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, బజారులో హిందీ, బడిలో ఇంగ్లిష్. ఇలాంటి చోట పెరిగినవాడిని 'నువ్వు చూసిన మొదటి యానిమే ఏది?' అని అడిగి చూడండి. జవాబులో జపాన్ సంగతి కన్నా ముందు మన టీవీ చరిత్ర బయటపడుతుంది.

వయసు నలభై దాటితే ఆ జవాబు 'మోగ్లీ' అయ్యే అవకాశమే ఎక్కువ. నిప్పన్ యానిమేషన్ సంస్థ 1989లో తీసిన 'జంగిల్ బుక్' సీరియల్‌ను దూరదర్శన్ 1993లో ఆదివారాల్లో హిందీలో ప్రసారం చేసింది. గుల్జార్ పాట, విశాల్ భరద్వాజ్ బాణీ, షేర్‌ఖాన్‌కు నానా పటేకర్ గొంతు. ఉత్తరాది దక్షిణాది తేడా లేకుండా పిల్లలంతా టీవీలకు అతుక్కుపోయారు. అది జపాన్ సరుకని తెలిసినవారు తక్కువ. ముప్పై దాటినవారికి కార్టూన్ నెట్‌వర్క్‌లో వచ్చిన 'డ్రాగన్ బాల్ జీ', 2003లో మొదలైన 'పోకేమాన్' గుర్తుకొస్తాయి. కాస్త చిన్నవారికి హంగామా టీవీలో హిందీ మాట్లాడిన డొరేమాన్, షిన్‌చాన్. తరువాత ఈ ఇద్దరూ తెలుగు కూడా నేర్చుకున్నారు. ఇంగ్లిష్ వచ్చిన పట్నం కుర్రాళ్ళకు 2004లో సోనీ తెచ్చిన యానిమాక్స్ చానల్. నేటి కాలేజీ పిల్లలకు సెల్‌ఫోన్‌లో క్రంచీరోల్, నెట్‌ఫ్లిక్స్.

ప్రతి తరమూ తాను చూసిందే అసలైన యానిమే అంటుంది. పోరాటాలు, ప్రతిజ్ఞలు, వందల ఎపిసోడ్లు నడిచే 'నరుటో', 'వన్ పీస్' బాపతు కథల అభిమానులకు హయావో మియజాకి సినిమాల నిదానం నచ్చదు. మియజాకి భక్తులకు ఆ అరుపులు పిల్లచేష్టలు. జపనీస్ గొంతులు వింటూ కింద సబ్‌టైటిల్స్ చదివితేనే యానిమే చూసినట్లని ఒక వర్గం. డబ్బింగ్ లేకపోతే ఇది మన ఇంటిదాకా వచ్చేదే కాదని మరో వర్గం. ఈ తగాదాకు అంతు లేదు. అయితే కాస్త తరచి చూస్తే ఇందులో అభిరుచి పాలు అనుకున్నంత పెద్దది కాదు. ఏ చానల్ ఏ ఏడాది ఏ భాషలో ఏం చూపించిందన్నదే చాలావరకు ఇష్టాయిష్టాలను నిర్ణయించింది. మోగ్లీని ఇష్టపడినవారు దాన్ని ఏరికోరి ఎంచుకోలేదు. ఆదివారం పొద్దున వచ్చింది కాబట్టి చూశారు.

జపాన్‌లో పరిస్థితి వేరు. అక్కడ అభిమాని డబ్బు నేరుగా పరిశ్రమ గతిని మార్చింది. 1983లో మమొరు ఒషీ దర్శకత్వంలో వచ్చిన 'డల్లోస్' టీవీకీ వెళ్ళలేదు, థియేటర్‌కూ వెళ్ళలేదు. తిన్నగా వీడియో టేపుగా దుకాణంలోకి వచ్చింది. అలా పుట్టిన కొత్త పద్ధతితో, అందరికీ నచ్చాల్సిన అవసరం లేని కథలకు దారి దొరికింది. కొన్ని వేలమంది గట్టి అభిమానులు కొంటే చాలు. అందుకే అక్కడ డిస్కుల ధర మన లెక్కలకు అందదు. రెండేసి ఎపిసోడ్లున్న ఒక్కో డిస్కుకు ఐదారు వేల యెన్లు పెట్టడం 2000 దశకంలో మామూలు విషయం. పదమూడు ఎపిసోడ్ల సిరీస్ పూర్తిగా కొనాలంటే చిరుద్యోగి జేబు ఖాళీ అయ్యేది. అయినా కొన్నారు. అర్ధరాత్రి దాటాక టీవీలో వచ్చే సిరీస్‌లు ఎన్నో ఆ డిస్కులు తెచ్చే డబ్బును నమ్ముకునే తయారయ్యాయి.

కొన్నవారికి దక్కింది అట్టపెట్టె ఒక్కటే కాదు. హిడెయాకి అన్నో తీసిన 'నియాన్ జెనెసిస్ ఎవాంజెలియాన్' 1995 అక్టోబరు నుంచి 26 ఎపిసోడ్లుగా ప్రసారమైంది. తరువాత హోమ్ వీడియో కోసం 21 నుంచి 24 వరకు ఎపిసోడ్లకు కొత్త సన్నివేశాలు చేర్చారు. అంటే టీవీలో చూసినవారి ఎవాంజెలియాన్ ఒకటి, డిస్కు కొన్నవారిది మరొకటి. 2019 జూన్‌లో అదే సిరీస్ నెట్‌ఫ్లిక్స్‌కు వచ్చినప్పుడు ఇంగ్లిష్ డబ్బింగ్ కొత్తది, సబ్‌టైటిల్స్ కొత్తవి. ప్రతి ఎపిసోడ్ చివర వినిపించే ప్రసిద్ధ ఇంగ్లిష్ పాట జపాన్ బయట చాలా దేశాల్లో మాయమైంది. పాత గొంతులకు అలవాటుపడిన అమెరికా అభిమానులు గగ్గోలు పెట్టారు. పాత డిస్కులు ఉన్నవారు మాత్రం అరలోంచి తీసి చూసుకున్నారు. కర్ర ఉన్నవాడిదే బర్రె అన్నట్లు, డిస్కు ఉన్నవాడిదే కథ.

మన అభిమానికి ఆ కర్ర ఎప్పుడూ సరిగ్గా చేతికి రాలేదు. మొదటి అడ్డంకి సాంకేతికం. ఒక దేశంలో కొన్న డిస్కు మరో దేశపు ప్లేయర్‌లో ఆడకుండా సినిమా కంపెనీలు ప్రపంచాన్ని ప్రాంతాలుగా విభజించాయి. డీవీడీ లెక్కలో అమెరికా ఒకటో ప్రాంతం, జపాన్ రెండు, భారత్ ఐదు. బ్లూరే వచ్చాక జపాన్, అమెరికా రెండూ 'ఎ' ప్రాంతంలో చేరితే మనం 'సి'లో మిగిలాం. రెండో అడ్డంకి ధర. 2007లో మోసర్ బేర్ వీసీడీని రూ.28కి, డీవీడీని రూ.34కి అమ్మి సంచలనం సృష్టించింది. కానీ ఆ చౌక ప్రధానంగా సినిమాలకే పరిమితం. చివరికి ఆ కంపెనీ కూడా దివాలా తీసి 2018లో లిక్విడేషన్‌కు వెళ్ళింది.

దాంతో అభిమాని ఫుట్‌పాత్ బాట పట్టాడు. కోల్‌కతాలో చాందినీ మార్కెట్, హైదరాబాద్‌లో కోఠీ. సిరీస్ మొత్తాన్ని రెండు మూడు డిస్కుల్లో కుక్కిన నకిలీ కాపీలు, అర్థం పర్థం లేని సబ్‌టైటిల్స్, మధ్యలో బిగుసుకుపోయే బొమ్మ. దీన్ని దొంగతనమని కొట్టిపారేయడం తేలికే. చట్టం ప్రకారం అది నిజం కూడా. కానీ సరైన ధరకు అసలు సరుకు ఇస్తే కొనేవారు లేరన్న వాదన నిలవలేదు. మకోతో షింకాయ్ తీసిన 'వెదరింగ్ విత్ యూ'ను ఇక్కడ విడుదల చేయాలంటూ 50,000 మందికి పైగా అభిమానులు విజ్ఞప్తిపై సంతకాలు చేశారు. 2019 అక్టోబరులో ఆ సినిమా మన థియేటర్లకు వచ్చింది. టికెట్టు కొనుక్కుంటాం, సినిమా తీసుకురండని ప్రేక్షకులే నిర్మాతను బతిమాలుకోవడం మన దేశంలో అరుదైన ముచ్చటే.

స్ట్రీమింగ్ ఈ కరువును తీర్చిందన్నది నిజం. సోనీ 2021లో 117.5 కోట్ల డాలర్లకు క్రంచీరోల్‌ను కొన్నది. 2022లో భారత్‌లో నెల చందా రూ.79 నుంచి మొదలయ్యేలా ధర తగ్గించింది. ఒకప్పుడు ఒక్క నకిలీ డిస్కుకు పెట్టిన డబ్బుతో నెలంతా నచ్చినది చూసుకోవచ్చు. 2020లో తొలిసారి జపాన్ యానిమేకు సొంత దేశంలో కన్నా విదేశాల్లో ఎక్కువ రాబడి వచ్చింది. అంటే ఏ సిరీస్ తీయాలన్న నిర్ణయంలో టోక్యో కొనుగోలుదారుతోపాటు టికియాపారా, తెనాలి ప్రేక్షకుడికీ ఎంతో కొంత పాత్ర దక్కింది. 'జుజుత్సు కైసెన్', 'సోలో లెవెలింగ్' తెలుగు మాట్లాడాయి. 2025 సెప్టెంబరులో 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాజిల్' మన థియేటర్లలో జపనీస్, ఇంగ్లిష్, హిందీలతోపాటు తమిళం, తెలుగులోనూ విడుదలైంది. డబ్బింగ్‌ను చిన్నచూపు చూసే అభిమానులు సైతం కాదనలేని మలుపు ఇది.

కానీ నెల చందా కొనిపెట్టేది చూసే హక్కునే. ఆ హక్కు ఎంత బలహీనమో చెప్పడానికి ఉదాహరణలు కావలసినన్ని. 2008లో కేంద్ర ప్రభుత్వం షిన్‌చాన్‌ను నిషేధించింది. ఆ తరువాత కత్తిరింపులతో తిరిగి వచ్చాడు. యానిమాక్స్ చానల్ 2017లో మన టీవీల నుంచి తప్పుకొంది. అన్నిటికన్నా పెద్ద పాఠం అమెరికాలో జరిగింది. అక్కడి ఫ్యూనిమేషన్ సంస్థ డిస్కులతోపాటు డిజిటల్ కాపీ కోడ్‌లు ఇచ్చేది. ఆ కాపీ శాశ్వతంగా మీదేనని కొన్నవారు నమ్మారు. ఫ్యూనిమేషన్‌ను క్రంచీరోల్‌లో కలిపేసి, 2024 ఏప్రిల్ 2న పాత యాప్‌ను మూసేశారు. డిజిటల్ కాపీలు కొత్త చోటికి రాలేదు. పెట్టెలోని డిస్కు మాత్రం మిగిలింది.

ఇదంతా బొమ్మల పిచ్చివాళ్ళ గొడవ అనుకునేవారు రామాయణం సంగతి వినాలి. యుగో సాకో పూనికతో జపాన్, భారత కళాకారులు కలిసి రూపొందించిన 'రామాయణ: ది లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ' 1992లో పూర్తయింది. మన యానిమేషన్ పితామహుడు రామ్ మోహన్ దర్శకుల్లో ఒకరు. హిందీ రూపంలో రాముడికి గొంతు ఇచ్చింది దూరదర్శన్ రాముడు అరుణ్ గోవిల్, రావణుడికి అమ్రిష్ పురి, వ్యాఖ్యానం శత్రుఘ్న సిన్హా. అప్పట్లో థియేటర్లలో సరైన విడుదలకు నోచుకోని ఆ సినిమా టీవీ ప్రసారాలతో, ఇంట్లో రికార్డు చేసుకున్న టేపులతో, చేతులు మారిన కాపీలతో ఒక తరం మనసులో నిలిచింది. 2025 జనవరి 24న దాన్ని మెరుగైన బొమ్మతో, తెలుగు సహా పలు భాషల్లో థియేటర్లకు తెచ్చారు. మన వైపు నుంచి రచయిత విజయేంద్రప్రసాద్ కూడా ఇందులో చేయి కలిపారు. అయితే హిందీలో కొత్త గొంతులతో మళ్ళీ డబ్బింగ్ చేశారు. బొమ్మ అదే, కథ అదే. కానీ చిన్నప్పుడు విన్న గొంతు కావాలంటే పాత కాపీ దాచుకున్నవారినే అడగాలి.

గొంతు విలువ ఏమిటో తెలుగువారికి ఎవరూ నేర్పనక్కర్లేదు. 'దానవీరశూర కర్ణ' డైలాగుల క్యాసెట్ అరిగిపోయేదాకా విన్న ఊళ్ళు ఎన్నో. తెర లేకుండానే ఆ సినిమా చెవుల్లో ఆడింది. పోగొట్టుకోవడమూ మనకు తెలుసు. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' (1932) ప్రింటు ఈనాడు చూద్దామంటే లేదు. అప్పట్లో దాన్ని దాచాలని ఎవరికీ తోచలేదు. వినోదమే కదా, రేపు ఇంకొకటి వస్తుందనుకున్నారు. నేటి తెలుగు డబ్బింగుల విషయంలోనూ సరిగ్గా అదే ధీమా. షిన్‌చాన్‌కు, డొరేమాన్‌కు తెలుగు నేర్పిన కళాకారుల పేర్లు ఎంతమందికి తెలుసు? ఒప్పందం ముగిసిన రోజున, సర్వర్ ఆగిన రోజున ఆ గొంతులు ఎవరి దగ్గర ఉంటాయి?

దూరదర్శన్ ఉదాహరణ కాస్త ధైర్యమిస్తుంది. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వేళ మోగ్లీని మళ్ళీ తెరపైకి తెచ్చింది. పాతికేళ్ళు దాటినా టేపు భద్రంగా ఉండబట్టే అది సాధ్యమైంది. ప్రైవేటు కంపెనీలకు ఆ బాధ్యత లేదు. మన చట్టమూ అడగదు. 1954 నాటి చట్టం ప్రకారం దేశంలో ఏ మూల అచ్చయిన పుస్తకమైనా ఒక ప్రతి కోల్‌కతాలోని నేషనల్ లైబ్రరీకి చేరాలి. తెనాలిలో వేసిన వంద పేజీల నవలకూ అక్కడ చోటుంటుంది. సినిమాకు, సీరియల్‌కు, డబ్బింగ్‌కు అలాంటి నిబంధన లేదు. పుణెలో 1964 నుంచి ఫిల్మ్ ఆర్కైవ్ ఉన్నా, తీసిన ప్రతిదీ అక్కడ ఇవ్వాలన్న నియమం లేదు.

చేయవలసింది కొండను తవ్వడం కాదు. తెలుగు ఆడియోతో పరిమిత సంఖ్యలో డిస్కులు తెస్తే కొనేవారు ఉన్నారో లేదో కంపెనీలకే తేలిపోతుంది. అది లాభం కాదనుకుంటే డబ్బింగ్ ప్రతి ఒకటి ఆర్కైవ్‌కు అప్పగించవచ్చు. ప్రభుత్వం పుస్తకానికి ఇచ్చిన రక్షణను దృశ్య శ్రవణ రూపాలకూ వర్తింపజేయవచ్చు. సబ్‌టైటిల్స్ గొప్పా, డబ్బింగ్ గొప్పా అన్న తగువు అప్పుడు కూడా తీరదు, తీరనక్కర్లేదు. నచ్చినా నచ్చకపోయినా వాదించుకోవడానికి ముందు ఆ వస్తువు ఉండాలి కదా. జపాన్ అభిమాని ఐదారు వేల యెన్లు పెట్టి కొనుక్కున్నది ఆ భరోసానే. తెలుగు ప్రేక్షకుడికి ఇప్పటికి దొరికింది నెల గడువు మాత్రమే.