సాక్షి సత్యవంతుడే, మరి చూసినదేమిటి?

ఎవరైనా నమ్మశక్యం కాని సంగతి చెప్పినప్పుడు మన నోట రెండే మాటలు వస్తాయి: "నిజమే" లేదా "అబద్ధం". ఈ రెంటి నడుమ మూడవ మాట ఒకటి ఉన్నదని మరచిపోతుంటాము. అమెరికాలో జరిగిన ఒక సైనిక దర్యాప్తును గురించి చదివినప్పుడు మాకు ఆ మూడవ మాట విలువ తెలిసివచ్చింది.

1947 జూన్ 24న కెన్నెత్ ఆర్నాల్డ్ అనే వ్యాపారి తన చిన్న విమానంలో వాషింగ్టన్ రాష్ట్రపు పర్వతాల మీదుగా వెళుతున్నాడు. కూలిపోయిన ఒక సైనిక విమానం జాడ తెలిపిన వారికి 5,000 డాలర్ల బహుమతి ఉన్నందున, దారిలో దానినీ వెదుకుతున్నాడు. అంతలో రేనియర్ పర్వతం వైపున మెరుస్తూ తొమ్మిది వస్తువులు వరుసగా సాగిపోవడం చూశాడు. గడియారం చూసి లెక్కపెట్టాడు. ఆ శిఖరం నుండి ఆడమ్స్ శిఖరం చేరడానికి వాటికి 1 నిమిషం 42 సెకన్లు పట్టింది. ఆయన లెక్క ప్రకారం అది గంటకు సుమారు 1,700 మైళ్ళ వేగం. మానవుడు నడిపిన విమానం ధ్వనివేగాన్ని దాటినట్లు నమోదయినది ఆ తరువాత అక్టోబరులోనే!

నీటిపై విసిరిన సాసరు ఎగిరెగిరి పడినట్లు అవి కదిలాయని తాను చెప్పినట్లు ఆర్నాల్డ్ తరువాత వివరించాడు. పత్రికలు మాత్రం "ఎగిరే పళ్ళాలు" అని పేరు పెట్టాయి. కదలికకు చెప్పిన పోలిక ఆకారమై లోకమంతా పాకింది.

జూలై 12న సైనిక వైమానిక దళాధికారులు ఫ్రాంక్ బ్రౌన్, విలియం డేవిడ్‌సన్ ఆయనను కలిసి విచారించారు. తాను చూశానన్నది ఆయన నిజంగానే చూశాడని వారు అభిప్రాయపడ్డారు. అయినప్పటికీ వైమానిక దళం దస్త్రంలో చివరకు చేరిన నిర్ణయం "ఎండమావి".

ఇందులో వైరుధ్యమేమీ లేదు. హదీసు శాస్త్రం బోధించేటప్పుడు మేము విద్యార్థులకు మొదట చెప్పేది ఇదే: ఉల్లేఖకుడు సత్యసంధుడా అన్నది ఒక ప్రశ్న, విన్నదానిని ఉన్నదున్నట్లు నిలుపుకున్నాడా అన్నది మరొక ప్రశ్న. మొదటిదానికి అవునన్నంత మాత్రాన రెండవది తేలిపోదు. రెండవదానికి కాదన్నంత మాత్రాన అతడు అబద్ధీకుడూ కాడు.

ఈ కథలో మరొక విషాదమున్నది. టకోమా నగరం వద్ద మరో ఇద్దరు ఇటువంటి వస్తువుల నుండి శకలాలు రాలిపడ్డాయని చెప్పగా, ఆర్నాల్డ్ కబురుపై ఆ అధికారులిద్దరూ అక్కడికి వెళ్ళారు. ఆగస్టు 1న తిరిగివస్తుండగా వారి విమానం ఇంజనుకు నిప్పంటుకొని కూలిపోయింది. ఇద్దరూ మరణించారు. వారు విచారించ వెళ్ళిన ఆ కథ కల్పితమని సైన్యం తరువాత తేల్చింది. నిప్పు ఆ అబద్ధం వల్ల అంటుకోలేదు. కాని ఆ అబద్ధమే లేకుంటే వారికి ఆ ప్రయాణమే లేదు.

అనంతరం వైమానిక దళం సాగించిన దర్యాప్తులు 1969లో ముగిశాయి. మొత్తం 12,618 ఉదంతాలలో 701 ఏమిటో గుర్తించలేదని నమోదు చేసింది. అవి అన్యగ్రహాల వాహనాలనడానికి ఆధారం లేదనీ ప్రకటించింది. మేము పైన చెప్పిన మూడవ మాట ఇదే: "తెలియదు".

రాత్రివేళ మేడమీది నుండి బిడ్డ పరుగున వచ్చి ఆకాశంలో ఏదో చూశానంటే, అబద్ధాలకోరు అని కసరకండి. జిన్నును చూశాడని పొరుగింటికి చెప్పి, ఫోనులో నలుగురికీ పంపకండి. ఎక్కడ నిలబడి చూశావు? ఎంతసేపు కనబడింది? పక్కన ఎవరున్నారు? అని నెమ్మదిగా అడగండి. అప్పటికీ ఏమిటో తేలకపోతే, "నాకూ తెలియదు నాన్నా" అని చెప్పండి. చూసింది చూసినట్లు చెప్పడానికి ఆ బిడ్డ మరొకసారి మీ దగ్గరికే వస్తాడు.