ఆ కోర్సు అబ్బాయికా, అమ్మకా?

పోయిన నెల పీటీఎంలో మా ఎనిమిదో తరగతి అబ్బాయి వాళ్ల అమ్మగారు ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టి, ఫోన్ తీసి నా ముందు పెట్టారు. "మేడమ్, ఇది కట్టమంటారా?" అని అడిగారు. చూస్తే ఒక ఆన్‌లైన్ కెరీర్ ట్రైనింగ్ ప్రోగ్రాం. కమ్యూనికేషన్, లీడర్‌షిప్, టైమ్ మేనేజ్‌మెంట్, ఏఐ అన్నీ కలిపి 6 నెలలు. 38 వేలు. ఈఎంఐ సౌకర్యం కూడా ఉందట. ఫ్రీ డెమో క్లాసు అయిన సాయంత్రం నుంచి రోజుకు రెండు మూడు ఫోన్లు వస్తున్నాయట. "ఇప్పుడు మొదలుపెట్టకపోతే బాబు వెనకబడిపోతాడు మేడమ్" అని అవతలివాళ్లు అన్న మాట ఆవిడకు నిద్ర పట్టనివ్వడం లేదు.

అప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఆవిడ వెనక ఇంకా ఏడుగురు పేరెంట్స్ నిలబడి ఉన్నారు. తర్వాత ఫోన్లో మాట్లాడాం. ఆ మాటల్లో కొన్ని ఆవిడను అడిగే ఇక్కడ రాస్తున్నాను. ఎందుకంటే ఈ ప్రశ్న ఈ ఏడాది నన్ను అడిగింది ఆవిడ ఒక్కరే కాదు.

ఆన్‌లైన్ కోర్సులంటే నాకు వ్యతిరేకత ఏమీ లేదు. నేనే రెండు చేశాను. నిజం చెప్పాలంటే ఒకటిన్నర. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది డబ్బు కట్టి ఒకదాంట్లో చేరాను. రెండో వారంలో యూనిట్ టెస్ట్ పేపర్లు దిద్దడం మొదలైంది, అంతే, మళ్లీ ఆ వీడియోలు తెరవలేదు. రెండోది ఎన్‌పీటెల్‌లో ఐఐటీ కాన్పూర్ వాళ్ల సాఫ్ట్ స్కిల్స్ కోర్సు, 8 వారాలు. అది పూర్తయింది. నేనేదో మారిపోయానని కాదు. స్టాఫ్ రూమ్‌లో నా పక్క సీటు మ్యాథ్స్ మేడమ్ కూడా చేరారు, అసైన్‌మెంట్ గడువు వచ్చేసరికి ఒకరినొకరం అడుక్కునేవాళ్లం. పైగా చివర్లో పరీక్ష ఇంట్లో కూర్చుని రాసేది కాదు. సెంటర్‌కు వెళ్లి, ఐడీ కార్డు చూపించి రాయాలి. మార్కుల్లో 75 శాతం ఆ పరీక్షవే.

పెద్దవాళ్లకే ఇది ఇంత కష్టం. హార్వర్డ్, ఎంఐటీ కలిసి మొదలుపెట్టిన ఎడెక్స్‌లో ఆ రెండు యూనివర్సిటీల కోర్సుల లెక్కలను 2019లో సైన్స్ పత్రిక వేసింది. 2017-18లో చేరినవాళ్లలో చివరిదాకా నిలిచింది నూటికి ముగ్గురు. డబ్బు కట్టి సర్టిఫికెట్ కోసం చేరినవాళ్లలో మాత్రం 46 మంది. డబ్బు కడితే శ్రద్ధ వస్తుందని కొందరు నాన్నలు అంటుంటారు, ఈ లెక్క చూస్తే ఆ మాటలో కొంత నిజం ఉంది. కానీ అక్కడ చాలామంది తమకు కావాలని చేరి, తమ డబ్బు కట్టుకున్న పెద్దవాళ్లు. మన ఇళ్లలో కట్టేది నాన్న, కూర్చునేది కొడుకు.

మన తెలుగువాళ్లకు కెరీర్ ట్రైనింగ్ కొత్త కాదు. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల గోడలన్నీ ఒకప్పుడు జావా, టెస్టింగ్, శాప్ బోర్డులే. మా కజిన్ కూడా బీటెక్ అయ్యాక అక్కడే హాస్టల్లో ఉండి 3 నెలలు నేర్చుకున్నాడు. అక్కడికి వెళ్లే కుర్రాడికి ఏ ఉద్యోగం కోసం వెళ్తున్నాడో తెలుసు. కోర్సు అయిన మర్నాటి నుంచే ఇంటర్వ్యూలకు తిరుగుతాడు. నేర్చుకున్నది పనికొచ్చిందో లేదో నెలలో తేలిపోతుంది. కరోనా తర్వాత ఆ క్లాసులు చాలావరకు ఫోన్లోకి వచ్చేశాయి. వాటితోపాటే వయసు కూడా తగ్గుతూ వచ్చింది. 22 ఏళ్లవాళ్లకు అమ్మినదాన్నే ఇప్పుడు 13 ఏళ్లవాళ్లకు అమ్ముతున్నారు. ఎనిమిదో తరగతి పిల్లవాడు ఇంటర్వ్యూకు వెళ్లడానికి ఎనిమిదేళ్లో తొమ్మిదేళ్లో ఉంది. ఇవాళ్టి ఏఐ టూల్ పేరు అప్పటికి ఎవరికి గుర్తుంటుంది?

మరి పిల్లలకు ఆఫీసులో పనికొచ్చే నైపుణ్యాలు అక్కర్లేదా అంటే, చాలా అవసరం. ఒక సంగతి చెప్తాను. పోయిన టర్మ్‌లో తొమ్మిదో తరగతికి ఇంగ్లిష్‌లో ఒక పని ఇచ్చాను. మీ స్కూల్ బస్సు రోజూ 20 నిమిషాలు ఆలస్యంగా వస్తోంది, ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌ఛార్జ్ సార్‌కు నాలుగు వాక్యాల మెసేజ్ రాయండి అన్నాను. 40 మందిలో 11 మంది "యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్" అని మొదలుపెట్టారు! నవ్వొచ్చింది. తర్వాత సిగ్గేసింది కూడా. ఎందుకంటే ఆ లీవ్ లెటర్ వాళ్లతో బట్టీ పట్టించింది మేమే. ఏ స్టాప్, ఎన్ని గంటలకు రావాలి, ఎన్నింటికి వస్తోంది, ఏం చేయమని అడుగుతున్నారు, ఈ నాలుగూ రాసినవాళ్లు ఆరుగురే. రేపు ఆఫీసులో రాయాల్సిన ఈమెయిల్ కూడా ఇలాంటిదే. దీనికి 38 వేల కోర్సు అక్కర్లేదు. వారానికి ఒకసారి నిజమైన పని ఒకటి ఇచ్చి, రాసింది చూసి, మళ్లీ రాయించేవాళ్లు ఉండాలి. స్కూల్లో అది మా బాధ్యత. మా సెక్షన్లో ఇప్పుడు శుక్రవారం చివరి పీరియడ్ దానికే పెట్టుకున్నాం.

ఇంట్లో ఏం చేయాలని ఆ అమ్మగారు అడిగారు. "వీడు ఎవరితోనూ ఫోన్లో మాట్లాడడు మేడమ్, వాటర్ క్యాన్ అబ్బాయికి కూడా నేనే చేయాలి" అన్నారు. సరే, ఆ ఫోన్ వాడితోనే చేయించండి అన్నాను. క్యాన్ రాకపోతే మళ్లీ ఫోన్ చేసి, కోప్పడకుండా ఎప్పుడొస్తుందో కనుక్కోమనండి. మొదటి రెండుసార్లు నసుగుతాడు. మీరు ఫోన్ లాక్కోకుండా ఉండటమే అందులో కష్టమైన భాగం.

ఫీజు సంగతికి వస్తే, కేంద్ర విద్యాశాఖ 2021 డిసెంబర్‌లోనే ఈ ఎడ్‌టెక్ కంపెనీల గురించి తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక ఇచ్చింది. ఫ్రీ అని చెప్పేవాటిని జాగ్రత్తగా చూడమని, ఖాతా నుంచి డబ్బు దానంతటదే కట్ అయ్యే ఆటో డెబిట్‌కు ఒప్పుకోవద్దని అందులో ఉంది. మధ్యలో మానేస్తే ఎంత వెనక్కి ఇస్తారో కాగితం మీద చూపించమని అడగండి. ఈఎంఐ అన్నారంటే మీ పేరు మీద ఎవరో అప్పు ఇస్తున్నట్టే, ఆ అప్పు ఏ సంస్థదో కూడా అడగండి. ఇది రాస్తుంటే నాకే కొంచెం ఇబ్బందిగా ఉంది, మన స్కూళ్లలోనూ ఏటా ఏదో ఒక యాడ్-ఆన్ ప్రోగ్రాం ఉంటుంది కాబట్టి. వాటి గురించి కూడా ఇవే ప్రశ్నలు అడగండి, తప్పేం లేదు.

ఇంతకీ అసలు విషయం ఫోన్ పెట్టేసే ముందు బయటపడింది. ఆవిడ బీకాం చదివారు. పెళ్లికి ముందు, తర్వాత ఒక ఏడాది ఒక హోల్‌సేల్ షాపులో లెక్కలు చూశారు. ట్యాలీ బాగా వచ్చు. బాబు పుట్టాక మానేశారు. అప్పటికి వ్యాట్ ఉంది. "ఇప్పుడంతా జీఎస్టీ కదా మేడమ్, నాకేం తెలీదు" అన్నారు. జీఎస్టీ 2017 జులై 1న వచ్చింది. ప్రభుత్వం ఉచితంగా కోర్సులు పెట్టే స్వయం పోర్టల్ కూడా అదే నెలలో మొదలైంది. అందులో అకౌంట్స్, కామర్స్ కోర్సులు ఉంటాయి. వీడియోలకు డబ్బు లేదు, సర్టిఫికెట్ కావాలంటే దాదాపు వెయ్యి రూపాయల పరీక్ష ఫీజు. ఇన్ఫోసిస్ స్ప్రింగ్‌బోర్డ్‌లో కూడా ఉచితంగా నేర్చుకోవచ్చు.

ఇలాంటి కోర్సులు అసలు పనికొచ్చేది ఇలాంటివాళ్లకే అని నా అభిప్రాయం. ఆవిడకు ఏం తెలుసో తెలుసు, ఎక్కడ ఆగిపోయారో తెలుసు, మధ్యలో ఏం మారిందో కూడా తెలుసు. ఆ ఖాళీని 8 వారాల్లో పూడ్చుకోవచ్చు. సర్టిఫికెట్ చూసి ఎవరో పిలిచి ఉద్యోగం ఇస్తారని నేను చెప్పను. కానీ వీధి చివర ట్యాక్స్ కన్సల్టెంట్ ఆఫీసుకు వెళ్లి, "రిటర్నుల పని సగం పూట చూస్తాను" అని అడగడానికి కావలసినంత ధైర్యం దానివల్ల వస్తుంది. మన పేరెంట్స్‌లో ఇలా చదువుకుని, పని చేసి, మానేసిన అమ్మలు ఎంతమందో. పిల్లల కోసం ఏ కోర్సైనా కడదామనుకుంటారు, తమ కోసం వెయ్యి రూపాయలంటే "నాకెందుకులే" అంటారు. ఆవిడా అదే అన్నారు.

38 వేల కోర్సుకు ఆవిడ వద్దని చెప్పేశారు. తన కోర్సులో మాత్రం ఇంకా చేరలేదు. బాబు పరీక్షలు అయ్యాక చూస్తాను అంటున్నారు. వాళ్లాయన మటుకు ట్యాలీ కొత్త వెర్షన్ ఇంట్లో కంప్యూటర్లో వేయించారట.

ఈ నెల పీటీఎంకు వచ్చేటప్పుడు మీలో ఎవరికైనా స్వయంలో పేరు నమోదు చేసుకోవడం ఎలాగో చూడాలని ఉంటే, ఫోన్లో ఈమెయిల్ తెరిచి ఉంచుకుని రండి. పిల్లల మార్కులు మాట్లాడుకున్నాక 5 నిమిషాల పని. నేనూ మ్యాథ్స్ మేడమ్ ఒంటిగంట దాకా అక్కడే ఉంటాం.