కొలనులో తోపుడుబండి

మన యిళ్లలో గోడకు తగిలించుకొనే ప్రకృతి చిత్రాలన్నీ యించుమించు ఒకే మూసలో పోసినట్లుంటాయి. ఒక కొండ, దాని క్రింద చెరువు, గట్టున కొబ్బరిచెట్లు, నీళ్లలో నాలుగు తామరలు. ఆ నీళ్లలో తెగిన చెప్పుగాని, సొట్టపడిన డబ్బాగాని ఏ చిత్రకారుడూ వేయడు. వేస్తే కొనేదెవరని మీరడగవచ్చు. కొన్నవారున్నారు. ఈ నెల ఆ ముచ్చటే మనవి చేస్తాము.

ఫ్రాన్సు దేశంలో క్లోద్ మోనే అనే గొప్ప చిత్రకారుడుండేవాడు. 1883లో జివెర్నీ అనే పల్లెకు కాపురం వచ్చాడు. 1893లో యింటి దగ్గర కొంత నేల కొని, కొలను ఏర్పాటు చేయబూనాడు. ప్రక్కనున్న యేటిపాయ నుంచి నీరు మళ్లించుకొంటానని సర్కారుకు అర్జీ పెట్టుకొంటే ఊరివారు అడ్డుపడ్డారు. ఆయన పెంచబోయే పరదేశపు మొక్కలవల్ల నీరు చెడిపోతుందని వారి భయం. ఎట్టకేలకు అనుమతి వచ్చింది. కొలనుమీద జపాను తీరున వంతెన కట్టించి, కలువలు పెంచి, 1926లో కన్నుమూసేవరకు ఆ నీటి అందాన్ని ఎన్నో చిత్రాలలో నిలిపాడు.

ఇక రెండవ చిత్రకారుని సంగతి. ఇంగ్లండులో అసలు పేరు చెప్పుకోకుండా బాంక్సీ అనే మారుపేరుతో గోడలమీద బొమ్మలు వేసే ఆయన ఒకడున్నాడు. 2005లో ఆయన అదే వంతెనను, అవే కలువలను మోనే ఫక్కీలోనే వేశాడు. అయితే, పెద్ద దుకాణాలలో సరుకులు వేసికొని తోసికొనిపోయే యినుపతీగెల బళ్లు రెండు, రోడ్డు మరమ్మతు చేసేచోట అడ్డంగా పెట్టే నారింజరంగు బుడ్డి ఒకటి ఆ నీళ్లలో పారేసి ఉన్నట్లు చూపించాడు. 2020లో లండను వేలంపాటలో ఆ చిత్రం సుమారు 75 లక్షల పౌనులకు పోయింది!

ఇందులో వేళాకోళం లేకపోలేదు. కాని మాకు తోచిన సంగతి వేరు. ఆ పల్లెవారు పువ్వును చూచి బెదిరారు. మనమో, చెత్తను చూచికూడా బెదరము. బొమ్మలో బండి కనబడితే చివుక్కుమనే కన్ను, ఊరిచెరువులో నిజంగా పడి ఉన్నదాన్ని దాటి వెళ్లిపోతుంది. రోజూ చూచేది కనబడకుండా పోవడం కంటికి ఒక జబ్బు. బెంగుళూరులో బెళ్లందూరు చెరువునుండి 2017లో పొగ, మంట లేచినప్పుడుగాని చాలామంది అటు తలతిప్పి చూడలేదు. బడిలో పిల్లలు కెరె అన్నా, యింట్లో మనం చెరువన్నా, చెడేది ఆ నీరే కదా!

కాబట్టి సంఘంవారికి ఒక చిన్న విన్నపం. పిల్లలకు చిత్రలేఖనం పోటీ పెట్టినప్పుడు, క్యాలెండరులోని చెరువును గాక, వారి వీధికి దగ్గరి చెరువును ఉన్నదున్నట్లు వేయమనండి. సీసా ఉంటే సీసా, టైరు ఉంటే టైరు వేయనివ్వండి. ఆ బొమ్మలను పెద్దలు తమ యింటి గోడకు తగిలించుకోవడానికి సిగ్గుపడితే, పోటీ పెట్టిన ఫలం దక్కినట్లే.