ఆదివారం ఎవరి వరం?

రైల్వే వర్క్‌షాపు కొలువుల కోసం తరతరాల క్రిందట ఖరగ్‌పూర్ చేరి, మలంచా వంటి పేటలలో స్థిరపడిన తెలుగువారిలో క్రైస్తవులకు ఆదివారం ఆరాధన దినం. తక్కినవారికి విశ్రాంతి దినం. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఆ రోజును కార్మికుని హక్కుగా గుర్తించింది. అంతకు పూర్వమే, 1890లో, నారాయణ మేఘాజీ లోఖండే నాయకత్వాన బొంబాయి మిల్లు కార్మికులు దానిని సాధించుకున్నారు. లోఖండే క్రైస్తవుడు కాడు. కనుక ఈ సెలవు ఏ ఒక్క మతం సొత్తూ కాదు.

అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. మనిషిని అతని ఉత్పత్తితోనే తూచే ఆధునిక నాగరికత, ఉత్పత్తి లేని దినాన్ని ఏల గౌరవిస్తున్నది? విప్లవ ఫ్రాన్సు 1793లో పది రోజుల వారాన్ని, సోవియట్ రష్యా 1929లో అయిదు రోజుల వారాన్ని ప్రవేశపెట్టాయి. రెండూ నిలువలేదు.

నిర్గమకాండం విశ్రాంతిని యజమానికే గాక దాసునికి, పరదేశికి, పశువుకు సైతం విధించింది. మనిషి పనిముట్టు కాడు, దేవుని పోలికలో సృజింపబడినవాడు. అతని విలువ పనికి ముందే ఉన్నది. ఇదీ క్రైస్తవుని సమాధానం. ఈ వేరును కాదనేవారు, ఫలాన్ని నిలుపుకోదలిస్తే, మరొక వేరును చూపవలసి ఉంటుంది.