ఊరిపేరు ఎవ్వరి సొత్తు?

ఐర్లండు నైరృతి కొసన, డింగిల్ ద్వీపకల్పపు చివర, బాలీఫెరిటర్ అను గ్రామీణ పారిష్ కలదు. చర్చి పరిపాలనకై ఏర్పడిన యీ చిన్నసీమలో గేలిక్ భాష నేటికిని వినవచ్చుచుండుటచే, అచ్చటి పేళ్ల యర్థములను విచారించువానికి నిఘంటువుకంటె ముందు ఆ యూరి రైతు నోరే ప్రమాణమగుచున్నది.

బాలీ యనగా గేలిక్‌లో ఊరు. ఫెరిటర్ అనునది నార్మనుల వెంట వచ్చిన వంశనామము. ఆ వంశమున జనించి, గేలిక్ కవియై, ఆంగ్లేయ సైన్యములతో పోరి, 1653లో కిలార్నీయందు ఉరితీయబడిన పియరస్ ఫెరిటర్‌ను ఆ సీమవారు తమవానిగనే తలతురు. చెంతనున్న స్మెర్విక్ రేవు పేరు నార్సు నావికులది. వెన్నరేవని దాని యర్థమందురు. కావున ప్రాచీన గేలిక్ పరిశుద్ధిని గూర్చి యెలుగెత్తి చాటువారి యుత్సాహము నాకంతగా రుచింపదు.

పేళ్ల యర్థము తెలియుటలో చిక్కంతయు, గేలిక్ పేళ్లను ఇంగ్లీషున వ్రాయుటతో వచ్చినది. చర్చికిని అడవికిని గేలిక్‌లో వేర్వేరుగా పలుకు రెండు పదములుండగా, ఇంగ్లీషు వ్రాత రెంటిని "కిల్" అను నొక్క ముద్దగా చేసినది. పొరుగుననున్న కిల్మాల్కెడర్‌లో శిథిలాలయము నిలిచియున్నది గనుక సందేహము లేదు. శిథిలము లేనిచోట పాతపత్రములు వెదకవలసినదే.

1824లో ఆరంభమైన ఐర్లండు సర్వేలో జాన్ ఓడొనవన్ పండితుడు అనేక కౌంటీలు తిరిగి, వృద్ధుల యుచ్చారణను విని, తాళపత్రసమానములైన ప్రాచీన లిఖితములతో సరిచూచి, గేలిక్ రూపములను పేళ్లపుస్తకములలో నెక్కించెను. ఆ పుస్తకములు కచ్చేరీలోనే యుండిపోగా, పటముపై నచ్చయినది ఇంగ్లీషు వ్రాత. ఓడొనవన్‌ను నిందింపను, ఆయన శ్రమ లేనిచో నేడు మూలరూపములనేకము దొరకవు.

అయితే స్వతంత్ర ప్రభుత్వము చేసినదేమి? గేలిక్ సీమలలో ఇంగ్లీషు పేళ్లకు అధికారిక స్థానము లేకుండ 2005 నుండి ఉత్తరువు నమలుపరచి, డింగిల్ పట్టణమును "అన్ డాంగన్" అని మార్చినది. ఆ పేరు వేరొక యూరితో కలిసిపోవునని, పరదేశీయ యాత్రికులు గుర్తింపరని పట్టణవాసులు మొరపెట్టిరి. 2006లో జరిగిన యోటింగులో రెండు భాషల పేళ్లను కలిపి యుంచుటకే మిక్కిలి మంది మ్రొగ్గిరి. 2011లోగాని చట్టము వారి కోరికకు లొంగలేదు. ఉద్దేశము సదుద్దేశమే కావచ్చును. పద్ధతి మాత్రము పాత దొరలదే.

చేయదగిన పని వేరొకటి కలదు. 1937 మొదలు 1939 వరకు ఐర్లండు బడిపిల్లలచేత తాతలయొద్ద, అవ్వలయొద్ద కథలను, ఆచారములను వ్రాయించినట్లే, పటమునకెక్కని పొలముల పేళ్లను, బండల పేళ్లను, గట్ల పేళ్లను బాలీఫెరిటర్ వంటి ప్రతి పారిష్‌లోను, పలుకువారుండగానే పలుకుతోసహా నమోదు చేయింపవలెను. శాసనములకంటె ముందు ప్రభుత్వము ధనము వెచ్చింపవలసినది దీనికే.